ఆ పిల్లకు టీసీ ఇచ్చి పంపకండి: ప్రధానోపాధ్యాయులకు, వార్డెన్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు, గురుకుల ప్రిన్సిపాళ్లకు, కస్తూర్బా బాలికా విద్యాలయాల (కేజీబీవీ) స్పెషల్ ఆఫీసర్లకు, హాస్టల్ వార్డెన్లకు నమస్కారం.

పిల్ల మీద లైంగిక వేధింపు జరిగిందని కేసు పెట్టిన వారం పది రోజులకు మీ ఆఫీసు గదిలోకి ఎవరో ఒకరు వస్తారు. తండ్రి కావచ్చు, మేనమామ కావచ్చు. కూర్చోమన్నా కూర్చోడు. "పిల్లకు టీసీ ఇప్పించండి సార్" అంటాడు. ఎందుకని మీరు అడగరు, ఆయన చెప్పడు. ఊరంతటికీ తెలిసిన సంగతే. కారణం రాయాల్సిన చోట "తల్లిదండ్రుల కోరిక మేరకు" అని రాసి సంతకం పెడతారు. ఆయనకూ ఓ బరువు దిగుతుంది, మీకూ దిగుతుంది. కొన్నిచోట్ల ఆయన రాకముందే బడి నుంచే కబురు వెళ్తుంది: "కొన్నాళ్లు వేరేచోట ఉంచితే పిల్లకే మంచిదమ్మా."

ఈ ఉత్తరం ఆ టీసీ గురించే. ఇవ్వొద్దని అడగడానికి రాస్తున్నాను.

నేను పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసుల్లో సపోర్ట్ పర్సన్‌గా పనిచేస్తాను. బాలల సంక్షేమ సమితి మమ్మల్ని నియమిస్తుంది. స్టేషను, ఆసుపత్రి, మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం, కోర్టు వాయిదాలు, పరిహారం దరఖాస్తు, వీటన్నింట్లో పిల్ల వెంటా ఇంటివాళ్ల వెంటా ఉండటం మా పని. పిల్ల ఎలా ఉందో, ఎంతవరకు కోలుకుందో నెలనెలా సమితికి నివేదిక ఇస్తాం. 2020 నాటి పోక్సో నియమాలు వైద్యం, కౌన్సెలింగ్‌తో పాటు చదువు సంగతి కూడా చూడమన్నాయి. ఆగిన చదువు మళ్లీ మొదలవ్వాలి, నడుస్తున్న చదువు ఆగకూడదు, అవసరమైతే బడి మార్పించాలి. బడి మార్పు ఆ వరుసలో ఆఖరిది, అదీ అవసరమైతేనే. మన దగ్గర అదే మొదటి పనైపోయింది.

ముందు ఆ పిల్ల చుట్టూ ఎవరు మిగిలారో చూడండి. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి ఒక నివేదిక తెచ్చింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. వాళ్లలో 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని చెప్పారు. ఆ పని చేసినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లు, నమ్మకస్తులు. అంటే చాలాసార్లు విషయం బయటపడ్డ రోజే ఆ పిల్ల చుట్టూ ఉన్న మనుషుల్లో కొందరు దూరమవుతారు. చేసినవాడు మేనత్త కొడుకైతే మేనత్త ఇంటికి రాకపోకలు బంద్. నానమ్మ ఒకవైపు, అమ్మ ఒకవైపు. పక్కింటివాడైతే వీధి రెండు ముక్కలు. వాడు జైల్లో ఉంటే వాడి తల్లి రోజూ ఇంటి ముందుకొచ్చి ఏడుస్తుంది. "నోరు మూసుకుని ఉంటే ఇంత జరిగేదా" అని ఎవరూ ఎదురుగా అనరు గానీ ఆ మాట ఎలాగోలా పిల్ల చెవిన పడుతుంది.

ఇంత చెదిరిపోయాక కూడా మారనిది ఒకటుంటుంది: బడి గంట. అదే బెంచీ, అదే ప్రేయర్, అదే సాంబారు, పక్కన అదే నేస్తం. టీసీతో మనం తీసేసేది దాన్నే. చెయ్యి విరిగి కట్టుతో వచ్చిన పిల్లను "అతికాక రా" అని పేరు కొట్టేస్తామా?

ఇద్దరు పిల్లల సంగతి చెబుతాను. గుర్తుపట్టే వివరాలేవీ ఇవ్వను. పోక్సో చట్టం 23వ సెక్షన్ ఇవ్వకూడదంటుంది, నాకూ ఇవ్వబుద్ధి కాదు.

మొదటి అమ్మాయి ఎనిమిదో తరగతి. సంవత్సరం మధ్యలో టీసీ తీసుకుని వేరే ఊళ్లో పెద్దమ్మ ఇంట్లో దింపారు. అక్కడి బడిలో "వచ్చే జూన్‌లో చూద్దాం" అన్నారు. పాత బడిలో పేరు లేదు, కొత్త బడిలో ఎక్కలేదు. ఆన్‌లైన్‌లో, ఏ బడిలోనూ లేని పిల్లల పేర్లుండే డ్రాప్ బాక్స్‌లో పడి ఉంది. నేను వెళ్లేసరికి ఆ పిల్ల, పెద్దమ్మ మనవడిని చంకనేసుకుని అంట్లు తోముతోంది. పెద్దమ్మ చెడ్డది కాదు. అన్నం పెట్టింది, కసురుకోలేదు. కానీ ఆ ఇంట్లో ఎవరూ ఆ పిల్లతో జరిగినదాని గురించీ మాట్లాడరు, ఇంకేదాని గురించీ మాట్లాడరు. కేసు ఎక్కడిదాకా వచ్చిందని పెద్దవాళ్లు నన్ను అడిగారు. ఆ పిల్ల అడగలేదు. "హిందీ మేడం ట్రాన్స్‌ఫర్ అయ్యారా? మన ఖోఖో టీం మండలానికి పోయిందా?" ఆ రోజు తను అడిగినవి అవే. ఆ బడికీ తనకూ సంబంధం తెగి నాలుగు నెలలైంది, "మన టీం" అనే అంటోంది.

రెండో అమ్మాయి తొమ్మిదో తరగతి. వాళ్లమ్మ కూడా టీసీకే వచ్చింది. అక్కడి హెచ్‌ఎం గారు కాదనలేదు. "పదిహేను రోజులు ఆగమ్మా, అప్పటికీ కావాలంటే నేనే రాసిస్తాను" అన్నారు. ఆ వారంలోనే క్లాస్ టీచర్ ఇద్దరు స్నేహితురాళ్లను వెంటబెట్టుకుని ఇంటికి వెళ్లింది. ఓదార్పు మాటలేవీ లేవు. ముగ్గురు పిల్లలూ అరుగు మీద కూర్చుని తప్పిపోయిన సోషల్ నోట్సు ఎక్కించుకున్నారు. మధ్యలో ఏదో సినిమా గురించి కొట్టుకున్నారు. టీచర్ లోపల తల్లితో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచింది. మళ్లీ రెండు రోజులకు స్నేహితురాళ్లే వెళ్లారు. తర్వాతి సోమవారం ఆ అమ్మాయి బడికొచ్చింది, మధ్యాహ్నం దాకా. కొన్నాళ్లు అలాగే సగంపూట.

లెక్కల సారు ఒకటి గమనించారు. గోడ పక్కన కూర్చుంటే ఆ పిల్ల చూపు బోర్డు మీద నిలవడం లేదు, మాటిమాటికీ తలుపు వైపే పోతోంది. మర్నాడు సీటింగ్ మారుస్తున్నామని చెప్పి క్లాసు మొత్తాన్నీ అటూఇటూ మార్చారు. ఆ అమ్మాయికి తలుపు దగ్గరి చోటు వచ్చింది. ఎందుకు మార్చారో మిగతా పిల్లలకు తెలియదు. ఊపిరాడనట్టు అనిపిస్తే అడగకుండానే లైబ్రరీ గదికి వెళ్లొచ్చని అనుమతి ఇచ్చారు. మొదట్లో రోజుకు రెండుసార్లు వెళ్లేది, తర్వాత తర్వాత మానేసింది. ఒక కుర్రాడు ఏదో కూత కూస్తే హెచ్‌ఎం గారు వాణ్ని ఒక్కణ్నే పిలిచి మాట్లాడారు. సాక్ష్యానికని ఆ పిల్లను పిలవలేదు, ప్రేయర్‌లో ఉపన్యాసం ఇవ్వలేదు. టెన్త్ ఆ బడిలోనే రాసింది. అంతా సర్దుకుందని చెప్పను, రాత్రిపూట గది తలుపు వేస్తే ఇప్పటికీ తనకు నిద్ర పట్టదు. కానీ కాలేజీకి బస్సులో వెళ్లొస్తోంది, తగవులాడుతోంది, చెల్లెలి మీద పెత్తనం చేస్తోంది.

ఈ ఇద్దరికీ తేడా ధైర్యంలో ఉందనుకోను. మొదటి అమ్మాయే మహా గడుసుది.

పరిశోధన చేసినవాళ్లదీ ఇంచుమించు ఇదే మాట. 2000లో క్రిస్ బ్రూవిన్ బృందం, తీవ్రమైన దెబ్బ తగిలిన పెద్దవాళ్ల మీద జరిగిన 77 అధ్యయనాలను కలిపి చూసింది. మానసిక గాయం ఎవరిలో పాతుకుపోతుందో చెప్పడానికి, మనిషి పూర్వచరిత్ర కంటే ఆ సంఘటన తీవ్రత, ఆ తర్వాత తోడు లేకపోవడం, పైన పడే కొత్త కష్టాలు కొంత ఎక్కువ ఉపయోగపడ్డాయి. జరిగినదాన్ని మనం వెనక్కి తిప్పలేం. మిగతా రెండూ మన చేతుల్లో ఉన్నవి. పిల్లల విషయానికొస్తే, హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మందిని ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వవేత్త బృందం దశాబ్దాల తరబడి గమనించింది. అది వేధింపుల మీద చేసిన అధ్యయనం కాదు. పేదరికం, తాగుడు, ఇంట్లో గొడవల మధ్య పెరిగిన పిల్లలు ఏమయ్యారన్నది వాళ్ల ప్రశ్న. అన్ని ఇబ్బందులున్న పిల్లల్లో మూడోవంతు మంది నిబ్బరంగల మనుషులుగా ఎదిగారు. వాళ్ల జీవితాల్లో తరచుగా కనిపించినది, వదిలిపెట్టకుండా పట్టించుకున్న ఒక పెద్ద మనిషి. నానమ్మో, పొరుగింటామో, చాలాసార్లు ఒక టీచరో.

సుప్రీంకోర్టు కూడా ఈ మాట చెప్పింది. 2023 ఆగస్టు 18న సపోర్ట్ పర్సన్ల నియామకంపై ఇచ్చిన తీర్పులో జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ అరవింద్ కుమార్ రాసినదాని సారాంశం ఇది: పిల్లల మీద జరిగే నేరాల్లో మొదటి దెబ్బ ఒక్కటే గాయం చేయదు, ఆ తర్వాతి రోజుల్లో చెయ్యి పట్టుకునేవాళ్లు లేకపోవడం దాన్ని ఇంకా లోతు చేస్తుంది. దోషికి శిక్ష పడితేనే న్యాయం పూర్తయినట్టు కాదు. ఈ తీర్పు ప్రధానంగా ప్రభుత్వ యంత్రాంగానికి. కానీ నేను నెలకోసారో రెండుసార్లో వెళ్లే మనిషిని. మీరు రోజుకు ఏడు గంటలు ఆ పిల్ల ఎదుట ఉంటారు. విచారణ వీలైనంతవరకు ఏడాదిలో ముగియాలని చట్టం అంటుంది. చాలా కేసులు అంతకు మించి సాగుతాయని కోర్టు వరండాల్లో నిలబడ్డ ఎవరినడిగినా చెబుతారు. ఎనిమిదిలో మొదలైన కేసు టెన్త్ దాకా వస్తే, ఆ మధ్యకాలమంతా పిల్ల ఉండేది మీ దగ్గరే.

ఇక మీ ఇబ్బందులు. అవి లేవని నేననను. "మిగతా తల్లిదండ్రులు ఊరుకోరు" అంటారు. నిజమే, మొదటి నెల గుసగుసలుంటాయి. కానీ పిల్ల పేరు బయటపెడితే శిక్ష ఉందని స్కూల్ కమిటీ సమావేశంలో ఒక్కసారి గట్టిగా చెప్పిన చోట గొంతులు తగ్గడం నేను చూశాను. "బడి పేరు పోతుంది" అనేవాళ్లకు నా దగ్గర మర్యాదైన జవాబు లేదు.

నిందితుడు మీ బడిలోనే ఉంటే సంగతి వేరు. అప్పుడు కదలాల్సింది వాడు, పిల్ల కాదు. మీ కింద పనిచేసేవాళ్ల నేరం తెలిసీ ఫిర్యాదు చేయని సంస్థ అధిపతికి 21వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, జరిమానా ఉన్నాయి. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి రాజీ చేయడం ఫిర్యాదు చేసినట్టు కాదు. నిందితుడి మనుషులు అదే దారిలో కాపు కాస్తున్నా, బడికి పోవడమే భయంగా ఉన్నా, పిల్లే నోరు తెరిచి "నేనిక్కడ చదవలేను" అన్నా బడి మార్చాల్సిందే. అప్పుడు సమితి ద్వారా, కొత్త బడిలో చేరడం ఖాయమయ్యాక, తెలిసిన ఒక టీచర్ ఫోన్ నంబరు చేతిలో పెట్టి మార్చండి. నేను వద్దంటున్నది పిల్లను అడగకుండా రాసే టీసీని.

పిల్ల మొదట మీకే చెప్పుకోవచ్చు. అప్పుడు ఎక్కువ మాట్లాడొద్దు. "చెప్పి మంచి పని చేశావు. ఇందులో నీ తప్పు లేదు." ఇది చాలు. ఎన్నిసార్లు, ఎక్కడ, ముందే ఎందుకు చెప్పలేదు అని ఆరా తీయకండి. అది పోలీసుల పని, మేజిస్ట్రేట్ పని. పిల్ల అదే కథను స్టాఫ్ రూములో నలుగురి ముందు చెప్పాల్సి వస్తే మర్నాడు కోర్టులో చెప్పడానికి గొంతు రాదు. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి, నిలబెట్టుకోలేరు. పోలీసులకు గానీ, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ చెప్పి తీరాలని చట్టం. ఎటూ తోచకపోతే 1098కి ఫోన్ చేయండి, అక్కడివాళ్లే దారి చూపిస్తారు. వాంగ్మూలం తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు, పిల్ల ఇంట్లోనో తను కోరుకున్న చోటో తీసుకోవాలి. కాబట్టి జీపు నేరుగా బడి గేటు లోపలికి వస్తే ఆపి అడిగే హక్కు మీకుంది. తెలంగాణలో భరోసా కేంద్రాలు పెట్టిందే ఇందుకు. హైదరాబాద్‌లో 2016లో మొదటిది వచ్చింది. వైద్యం, వాంగ్మూలం, కౌన్సెలింగ్ ఒకే చోట అయ్యేలా.

విషయం ఇద్దరికి తెలిస్తే చాలు: మీకూ, క్లాస్ టీచర్‌కూ. స్టాఫ్ వాట్సాప్ గ్రూపుకు అక్కర్లేదు. వాయిదా రోజు హాజరు గురించి పిల్ల నలుగురిలో సంజాయిషీ ఇచ్చుకునే పని లేకుండా మీరే చూసుకోండి. ఎస్‌ఏ (సమ్మేటివ్) పరీక్ష, వాయిదా ఒకే రోజు పడితే ముందుగా నాకో మా సమితికో చెప్పండి, ప్రాసిక్యూటర్ గారిని అడుగుదాం. ఇంకో సంగతి. హోంవర్క్ చేయకపోతే ఆ పిల్లను కూడా అందరిలాగే మందలించండి. జాలిచూపులు చూసీ చూసీ విసిగిపోయి ఉంటారు వాళ్లు. "అందరినీ తిట్టి నన్ను వదిలేస్తున్నారక్కా" అని ఒక పిల్ల నా దగ్గర ఏడ్చింది.

స్నేహితుల్ని తేలిగ్గా తీసుకోకండి. పదిహేనేళ్ల పిల్లకు వందమంది కౌన్సెలర్లు చెప్పలేనిది పక్క బెంచీ పిల్ల ఒక్క నవ్వుతో చెబుతుంది. ఆ పిల్లతో కూర్చోవద్దని ఇళ్లలో చెప్పి పంపుతారని మీకు తెలుసు. ఆ తల్లులతో క్లాస్ టీచర్ విడివిడిగా మాట్లాడితే కొందరైనా మెత్తబడతారు. ఒక్క నేస్తం మిగిలితే చాలాసార్లు అదే సరిపోతుంది. అలాగని ఆ నేస్తం భుజం మీద మొత్తం బరువు పెట్టకండి, అదీ పిల్లే.

మగపిల్లల్ని మనం మరీ మరిచిపోతాం. 2007 నివేదికలో లైంగిక వేధింపు చెప్పుకున్న పిల్లల్లో సగానికి కొంచెం ఎక్కువే అబ్బాయిలు. బాయ్స్ హాస్టళ్ల వార్డెన్లు ఈ వాక్యం రెండోసారి చదవాలి. అబ్బాయి చెబితే నవ్వుతారు, లేదా "మగాడివి కదరా" అంటారు. వాడు మళ్లీ చెప్పడు. పక్క తడపడం, అకారణంగా కొట్లాటలు, వారంవారం ఇంటికి పారిపోవడం మొదలైతే బెత్తం తీసేముందు ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.

పిల్లకు అందరికంటే పెద్ద అండ తల్లి. ఆ తల్లి నమ్మి నిలబడితే మా పని సగం తేలికవుతుంది. ఆమె నిలబడాలంటే ఇల్లు గడవాలి. సంపాదించేవాడే నిందితుడైన ఇళ్లున్నాయి. వాయిదాలకు తిరిగి కూలి పోగొట్టుకునే తల్లులున్నారు. తిండి, బట్టలు, ప్రయాణం లాంటి తక్షణ అవసరాలకు సమితి సిఫారసు చేస్తే, అది అందిన వారంలో డబ్బు ఇవ్వాలని నియమం. తీర్పు రాకముందే మధ్యంతర పరిహారం అడగొచ్చు. అర్హత ఉంటే కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ కింద నెలకు 4,000 రూపాయలు వస్తాయి. ఇవి చాలా ఇళ్లకు తెలియవు. మీరు స్టడీ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సుల దగ్గర కొర్రీలు పెట్టకుండా ఒక్కరోజులో ఇచ్చేస్తే అదే పెద్ద సాయం.

మనుషుల తోడుతోనే అన్నీ నయమవుతాయని కూడా చెప్పను. వారాల తరబడి నిద్ర లేకపోయినా, చేతుల మీద కోసుకున్న గాట్లు కనిపించినా, చచ్చిపోతానని మాట జారినా తాయెత్తులతో, నీతిబోధలతో కాలం గడపకండి. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యం ఉంది, ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ 14416 రాత్రయినా పగలైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఒక్క మాట: డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లిన పిల్ల కూడా తిరిగి రావాల్సింది మీ తరగతికే.

జూన్‌లో బడులు తెరవగానే మొదటి స్టాఫ్ మీటింగ్ పెడతారు కదా. పుస్తకాల పంపిణీ, యూనిఫాం కొలతల మధ్య ఓ పది నిమిషాలు దీనికివ్వండి. పిల్లలు భయపడకుండా దగ్గరికి వెళ్లగల ఒక టీచర్ ఎవరో తేల్చండి. హోదాను బట్టి కాదు, పిల్లలు ఇంటర్వెల్‌లో ఎవరి చుట్టూ మూగుతారో చూసి తేల్చండి. గుమస్తా గారికి ఒక చీటీ రాసివ్వండి: ఏడాది మధ్యలో ఎవరైనా టీసీకి వస్తే, ముఖ్యంగా ఆడపిల్లకైతే, హెచ్‌ఎం పిల్లతో విడిగా మాట్లాడనిదే కాగితం కదలకూడదని. కేసు ఉందని తెలిస్తే సంతకానికి ముందు బాలల సంక్షేమ సమితికి ఫోన్ చేయండి. మేం వస్తాం. ఆ తండ్రితోనో మేనమామతోనో మీ గదిలోనే కూర్చుని మాట్లాడతాం. పదిహేను రోజులు గడువు అడగండి, చాలు.

ఇట్లు,
ఒక సపోర్ట్ పర్సన్